వేలం అయ్యాక రండి, నాన్నగారూ

ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా
అక్టోబరు 14

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఫోనులో చెప్పుకునేదానికి ఉత్తరం ఎందుకు అనుకుంటారేమో. ఫోనులో నేను అమెరికా రమ్మని ఎప్పుడు అన్నా మీ నుంచి వచ్చేవి రెండే మాటలు. ఒకటి, "పొగాకు వేలం అయ్యాక చూద్దాంలేమ్మా." రెండోది, "ఇదిగో, అమ్మకు ఇస్తున్నాను." ఉత్తరాన్ని అలా చేయి మార్చడానికి వీల్లేదు. పైగా ఇది అమ్మకు మీరే చదివి వినిపించాలి.

కిందటి సంక్రాంతికి మీరు అన్న మాట నాకు గుర్తుంది. "నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు, అక్కడ నాకు తెలిసినదేముంది" అన్నారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడుంది. మొన్న శనివారం పిల్లలను తీసుకుని లాంకస్టర్ వెళ్లివచ్చాం. మా ఇంటి నుంచి కారులో గంట ప్రయాణం. అక్కడ కూడా మనలాగే పొగాకు పండిస్తారు నాన్నగారూ. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతా ఉత్తరం మీరు పక్కన పెట్టరని తెలుసు.

అక్కడ ఉండేవాళ్లు అమిష్‌లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. తమ్ముడు మీకు ఎప్పుడో వీడియో చూపించానన్నాడు. ఇంట్లోకి కరెంటు తీగ రానివ్వరు, కారు కొనరు, గుర్రపు బగ్గీల్లో తిరుగుతారు. స్విట్జర్లాండ్, జర్మనీల వైపు మతం పేరిట తరిమికొడితే, సుమారు మూడు వందల ఏళ్ల కిందట ఓడలెక్కి ఈ రాష్ట్రానికి వచ్చారు. ఇంట్లో ఇప్పటికీ పాత జర్మన్ యాసే మాట్లాడుకుంటారు. ఒక్క లాంకస్టర్ చుట్టుపక్కలే 40 వేల మందికి పైగా ఉన్నారు. పిల్లలు ఎనిమిదో తరగతి వరకు ఒకే గది ఉన్న బడిలో చదివి, ఆపైన పొలంలోకో, వడ్రంగంలోకో దిగుతారు. ఎనిమిదితో బడి మాన్పించడం కుదరదని ప్రభుత్వం అంటే, విస్కాన్సిన్‌లోని అమిష్‌ల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1972లో వాళ్లే గెలిచారు. మా పెద్దవాడు ఇది విని, తనకూ ఆ తీర్పు వర్తిస్తుందా అని అడిగాడు.

వాళ్ల సేద్యం చూస్తే మీరు గంటసేపు గట్టు మీద నుంచి లేవరు. ఆరు కంచరగాడిదలను ఒకే వరసలో కట్టి యంత్రం లాగిస్తున్నారు. యంత్రం మీద ఇంజను ఉంది, అది డీజిల్‌తో గడ్డిని మోపులు కడుతోంది. కానీ దాన్ని లాగేది మాత్రం పశువే. కొట్టం దగ్గర ట్రాక్టరు కూడా ఉంటుంది, దానికి రబ్బరు టైర్లు ఉండవు, ఇనుప చక్రాలే. రబ్బరు వేస్తే ఎవరో ఒకరు దాన్ని రోడ్డెక్కిస్తారు, ఆ తరువాత అది కారవుతుందని వాళ్ల భయం. కొత్త వస్తువు ఏది వచ్చినా సంఘంలో పెద్దలు కూర్చుని, ఇది ఇంటిని కలిపి ఉంచుతుందా, విడదీస్తుందా అని చర్చించుకుంటారట. ఫోను ఇంట్లో ఉండదు, దారి చివర చిన్న చెక్క గదిలో ఉంటుంది. అమ్మ గనక ఇది వింటే తమ్ముడి ఫోనును ఆ రోజే గొడ్లపాకలో పెడుతుంది.

పొగాకు సంగతికి వస్తాను. రోడ్డు పక్కన గుమ్మడికాయలు అమ్మే చోట ఆగాం. వెనక ఒక పొడవాటి చెక్క కొట్టం ఉంది. దాని గోడ పలకల్లో ఒకటి విడిచి ఒకటి కిటికీ రెక్కల్లా బయటికి తెరిచి ఉన్నాయి. ఆ సందుల్లోంచి వచ్చిన వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. పాప ముక్కు మూసుకుంది. నేను మాత్రం టంగుటూరు రోడ్డు మీద ఉన్నాను. గడ్డం ఉండి మీసం లేని పెద్దాయన ఒకరు గుమ్మడికాయలు తుడుస్తున్నారు. పెళ్లయితే గడ్డం పెంచుతారు కానీ మీసం ఉంచరు. మా నాన్న కూడా పొగాకు రైతే అని చెప్పాను. ఆయన గుడ్డ కింద పెట్టి, రమ్మని లోపలికి తీసుకెళ్లారు.

మనలా ఆకు ఆకుగా రెలవరు. మొక్క మొక్కంతా నరికి, ఐదారు మొక్కల కాండాలను ఒక చెక్క బద్దకు గుచ్చి, దూలాల మీద నేల నుంచి కప్పు దాకా అంతస్తులుగా వేలాడదీస్తారు. నిప్పు ఉండదు. గాలికే వారాల తరబడి ఆరుతుంది. ఎండ కాస్తే పలకలు మూస్తారా, ముసురు పడితే తెరుస్తారా అని నేను తిరగేసి అడిగినట్టున్నాను, ఆయన నవ్వారు. మన దగ్గర పొగాకు కాల్చే బ్యారన్‌లో కట్టెలు వేసి ఐదారు రోజులు రాత్రీ పగలూ కాలుస్తారని చెబితే ఆయన నమ్మలేదు. మీరు బ్యారన్ పక్కన నులక మంచం వేసుకుని పడుకోవడం, అర్ధరాత్రి లేచి టార్చిలైటు వేసి కిటికీ అద్దంలోంచి ఉష్ణోగ్రత చూడడం, డిగ్రీ అటూ ఇటూ అయితే మరునాడంతా ఎవరితోనూ మాట్లాడకపోవడం, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేశారు: ఈ ఏడు ధర ఎంత పలికింది?

నాకు తెలియదు నాన్నగారూ. పొగాకు డబ్బుతో చదువుకున్న మనిషిని, కిలో ఎంతకు పోయిందో తెలియదు. సిగ్గేసింది. వచ్చే ఆదివారం ఫోనులో ముందు అది చెప్పి, ఆ తరువాతే అమ్మకు ఇవ్వండి.

ఇంతకీ, "మనుషులను చూడడానికి టికెట్టు కొనుక్కుని వెళతారా" అని మీరు అడుగుతారు. మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ అదే గుచ్చుకుంది. అప్పుడు మేం రెండు తప్పులు చేశాం. ఆదివారం వెళ్లాం. వాళ్ల దుకాణాలు, బండ్లు ఏవీ తెరవరు. ఒక ఇంటి ముందు మాత్రం బూడిదరంగు బగ్గీలు పాతిక దాకా వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాళ్లకు చర్చి భవనాలు ఉండవు, వారం విడిచి వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన జరుపుకుంటారు. రెండో తప్పు మీ అల్లుడిది. స్కూటరు తొక్కుతూ వెళుతున్న పిల్లవాడిని ఫొటో తీయబోయారు. (స్కూటరంటే మన స్కూటరు కాదు. సైకిలుకు పెడళ్లు తీసేసినట్టుంటుంది, కాలితో నేలను తోస్తూ పోతారు.) వాడు ఏమీ అనలేదు, గడ్డి టోపీ కిందికి లాక్కుని ముఖం తిప్పుకున్నాడు. రూపాన్ని బొమ్మగా నిలపడం గర్వం అని వాళ్ల నమ్మకం. తిట్టి ఉంటే నయమనిపించింది.

అందుకని కొత్తగా వచ్చేవాళ్లను నేను ముందు ఒక పాత రాతి ఇంటికి తీసుకెళ్తాను. 1805లో కట్టారు, 1955 నుంచి సందర్శకులకు తెరిచారు. అక్కడ ఎవరూ కాపురం ఉండరు కాబట్టి ఎవరినీ ఇబ్బంది పెట్టినట్టు కాదు. గదులన్నీ తిప్పి, ఆడవాళ్ల బట్టలకు గుండుసూదులు ఎందుకో, దీపాలు దేనితో వెలుగుతాయో అన్నీ చెబుతారు. బయట మేకలు, కోళ్లు ఉంటాయి. పిల్లలకు అవి చాలు.

పిల్లలను అడిగితే మాత్రం మొదటి మాట రైలే. స్ట్రాస్‌బర్గ్ అనే ఊళ్లో 1832లో పుట్టిన రైల్వే, ఇంకా నడుస్తోంది. బొగ్గు ఇంజను, చెక్క పెట్టెలు. అమిష్ పొలాల మధ్యనుంచి ప్యారడైజ్ అనే ఊరి దాకా వెళ్లి వెనక్కి వస్తుంది, మొత్తం ముప్పావు గంట. ప్యారడైజ్ అంటే స్వర్గం, మీకు తెలుసు. ఇక్కడి ఊళ్ల పేర్లే అంత. ఒక ఊరి పేరు "చేతిలో పిట్ట." ఇంకో ఊరి పేరు మీకు రాసే ఉత్తరంలో రాయలేను, తమ్ముడిని కూడా అడగకండి. ఆ రాయలేని ఊళ్లోనే జాములు, ఊరగాయలు కళ్ల ముందే వండి సీసాలకు ఎత్తే దుకాణాల సముదాయం ఉంది. 1954 నుంచి నడుస్తోందట. అమ్మను అక్కడ వదిలి మనం రైలెక్కవచ్చు. వాళ్ల ఊరగాయలో కాలీఫ్లవరు, బీన్సు, క్యారెట్టు వేసి పంచదార పోస్తారు. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక ఆమె ముఖం చూడాలని నాకు మహా కోరికగా ఉంది.

రైల్లో కిటికీ తెరిచి కూర్చున్నాం. పెద్దవాడి కంట్లో బొగ్గు నలుసు పడింది. చిన్నప్పుడు ఒంగోలులో మద్రాసు బండెక్కి, గూడూరు వచ్చేదాకా కన్ను నలుపుకున్నానని మీరు చెప్పే కథ ఉంది చూడండి, వాడి కన్ను ఊదుతూ అదే చెప్పాను. ఏడుపు ఆపి, "తాతయ్యకు ఏ కన్ను?" అని అడిగాడు. ఇది కూడా ఫోనులో చెప్పాలి మీరు.

దారిలో రైలు పట్టాల పక్కనే మొక్కజొన్న చేను. ఐదు ఎకరాల పైరులో తోవలు నరికి చిక్కుదారి చేశారు. మనిషెత్తుకు మించిన పైరు. దారి తప్పితే ఊపడానికి పొడుగాటి కర్రకు జెండా కట్టి ఇస్తారు. మీరు అనబోయేది నాకు వినిపిస్తోంది: "ఐదు ఎకరాల జొన్న తొక్కించి పైగా డబ్బులా?" అవును, ఆ చేను గింజలకన్నా టికెట్ల మీదే ఎక్కువ సంపాదిస్తుందని నా అనుమానం. మేం జెండా రెండుసార్లు ఊపాం.

చిన్నపిల్లల కోసం 1963 నాటి వినోదాల పార్కు డచ్ వండర్‌ల్యాండ్ కూడా ఉంది. అక్కడికి మిమ్మల్ని లాక్కెళ్లను. అక్కడి నుంచి ఇంకో ముప్పావు గంట వెళితే చాక్లెట్లు చేసే హెర్షీ పట్టణం. వీధిదీపాలు కూడా చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి, పాప అన్నీ లెక్కపెడతానని పట్టుబట్టింది.

ఇక ఏ కాలంలో రావాలన్నది అసలు సంగతి. మీకు బాగా నచ్చేది మార్చిలో ఉంటుంది కానీ, అప్పుడు మీరు రారు. మంచు కరిగి నేలంతా బురదైన రోజుల్లో ఒక్కో ఊళ్లో ఒక్కో శనివారం వేలంపాటలు పెడతారు. వాటిని బురద వేలాలు అనే పిలుస్తారు. ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి డబ్బు కూడేందుకు. బగ్గీలు, గుర్రాలు, నాగళ్లు, ఆడవాళ్లు నెలల తరబడి కుట్టిన బొంతలు, అన్నీ పాటకు వస్తాయి. కిందటి మార్చిలో వెళ్లాం. ఒకేసారి ఐదారు చోట్ల పాట. పాడేవాళ్ల గొంతు గుక్క తిప్పుకోదు, అంకెలన్నీ ఒకే రాగమైపోతాయి. ఎదుట ఉన్న రైతులు కనుబొమ్మ కదిలిస్తే చాలు, ధర పెరిగిపోతుంది. మీరుంటే ఆ కనుబొమ్మలు చదివేవారు. మాకు దక్కినది ఒక్కటే, మూడు డాలర్లకు గరాటులాంటి ఇనుప మొన. ఇన్నాళ్లూ అదేమిటో తెలియలేదు. పాప బొమ్మకు టోపీగా పెట్టి ఆడుకుంది. మొన్న ఆ కొట్టంలో చూశాకే తెలిసింది, బద్ద చివర తొడిగి పొగాకు కాండాన్ని గుచ్చే మొన అది. ఇప్పుడు అల్మారా మీద పెట్టాను.

నవంబరులో పెళ్లిళ్లు. ఎక్కువగా మంగళవారం, గురువారం చేస్తారు. విందులో సెలరీ అనే ఆకుకూర కాడలు తప్పనిసరి కాబట్టి, పెరట్లో ఆ మళ్లు ఎక్కువగా వేశారంటే ఆ ఇంట్లో పెళ్లికూతురు ఉందని ఊరంతా గ్రహిస్తుందట. ఇది అమ్మకు రెండుసార్లు చదివి వినిపించండి.

నేను లెక్క వేసిపెట్టాను. వేలం ముగిశాక ఆగస్టు రెండో వారంలో మీరు బయల్దేరండి. నెలాఖరుకు ఇక్కడ పొగాకు నరుకుతారు, ఆ పెద్దాయన పొలంలోనే చూడవచ్చు. సెప్టెంబరులో నారుమళ్లు తమ్ముడు చూసుకుంటాడు. చూసుకోలేడని మీరు అంటారు, నిరుడు మీకు జ్వరం వచ్చినప్పుడు చూసుకున్నాడు కదా. అక్టోబరులో ఆకులు రంగు మారడం, గుమ్మడికాయలు, మొక్కజొన్న చేను చూసి నెలాఖరులో తిరిగి వెళితే నాట్లు మీ కళ్ల ముందే పడతాయి. మంగళ, శుక్ర, శనివారాల్లో లాంకస్టర్ ఊళ్లోని పాత మార్కెట్టుకు వెళదాం. 1889లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం, కూరగాయలు బేరం చేయడానికి మాత్రం వీల్లేదు, అమ్మకు ముందే చెప్పండి.

పాస్‌పోర్టుల గడువు ఒకసారి చూడండి. అమ్మది అయిపోవచ్చినట్టు గుర్తు. మోకాలికి కట్టుకునే పట్టీ కూడా సంచిలో పెట్టుకోమనండి, బగ్గీ మెట్టు ఎత్తుగా ఉంటుంది.

ఇట్లు,
మీ అమ్మాయి