అటవీ శాఖ మంత్రి గారికి: ఏ పాము పెంచుకోవచ్చో తెలుగులో చెప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అనంతపురంలో అక్వేరియం చేపలు, లవ్‌బర్డ్స్, కుక్కల మేత అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి. పాములు అమ్మను, అమ్మే ఉద్దేశమూ లేదు. కానీ ఈమధ్య షాపుకొచ్చే కుర్రాళ్లు అడుగుతున్నది వాటినే. ఫోన్లో బాల్ పైథాన్ అనే ఫారిన్ పాము రీల్ చూపించి "అన్నా, తెప్పిస్తావా?" అంటారు. నేను కాదంటే బెంగళూరు నుంచి వాళ్లే తెప్పించుకుంటున్నారు.

ఎలా వస్తుందో చెప్తాను. పోయిన ఎండాకాలంలో ఒక కాలేజీ కుర్రాడు స్వీట్ బాక్సు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. మూతకు దబ్బనంతో పొడిచిన బెజ్జాలు. లోపల పాత బనియన్ గుడ్డలో, తల దాచుకుని పిడికెడంత ఉండలా చుట్టుకుపోయిన పాము. ట్రావెల్స్ బస్సు డిక్కీలో వచ్చిందట, చీటీ మీద 'మొక్కలు' అని రాసి. "మూడు దినాలాయె అన్నా, ఏమీ తింటాలేదు" అని వాడి టెన్షన్. పేపర్లేవిరా అంటే డబ్బులు పంపిన స్క్రీన్‌షాట్ చూపించాడు. బిల్లూ అదే, పర్మిటూ అదే. ఫారెస్టు ఆఫీసుకు పోయి రాయించుకోమన్నాను. "లోపలేస్తే?" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

అందుకని నేనే కనుక్కుందామని తిరిగాను. ఒకచోట పాముల్ని అసలు పెంచకూడదన్నారు. ఇంకోచోట ఫారిన్ పామైతే మాకు సంబంధం లేదన్నారు. రెండూ తప్పే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వన్యప్రాణుల వ్యాపారం మీద సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పట్టికలో ఉన్న జంతువులు దాంతో మన చట్టంలో నాలుగో షెడ్యూలుకు ఎక్కాయి. బాల్ పైథాన్ అందులోదే. ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నిబంధనలు అప్పటికే పెంచుకుంటున్నవాళ్లకు ఆరు నెలల గడువిచ్చాయి. తర్వాత తెచ్చుకున్నవాళ్లకు 30 రోజులే. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా తెలపాలి. విదేశం నుంచి తేవాలంటే అక్కడి సైటిస్ పర్మిట్, ఇక్కడి దిగుమతి లైసెన్సు, క్వారంటైన్ అనుమతి కావాలి. కార్న్ స్నేక్ అనే ఇంకో ఫారిన్ పాము మాత్రం సైటిస్ పట్టికలో లేదు. దానికి ఈ నమోదు అక్కర్లేదు, దిగుమతి నిబంధనలు మాత్రం తప్పవు. ఈ తేడా విడమరచి చెప్పినవాళ్లు మా ఊళ్లో నాకు ఒక్కరు తగల్లేదు.

మన పాముల సంగతి వేరు. కొండచిలువ, నాగుపాము, రక్తపింజరి చట్టం అన్నిటికంటే గట్టిగా కాపాడే మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మామూలు మనిషి వాటిని కొనడం, అమ్మడం ఏ కాగితంతోనూ కుదరదు. దొరికితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. బ్రోకరు కొండచిలువ పిల్లను చూపించి ఫారిన్ బ్రీడ్ అంటే, రీల్స్ చూసి పాములు నేర్చుకున్న కుర్రాడు ఎలా పోల్చుకుంటాడు?

మా సీమకు ఇంకో పీడ కూడా ఉంది, రెండు తలల పాము. దానికి తల ఒక్కటే, తోక మొద్దుగా ఉంటుందంతే. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని, గుప్తనిధులు చూపిస్తుందని, తూకం పెరిగేకొద్దీ లక్షలు పలుకుతుందని బేరాలు. తొలకరికి జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనం మనది, ఆశపడటాన్ని నేను తప్పుపట్టను. అయితే వజ్రం దొరక్కపోతే నడుము నొప్పితో పోతుంది. పాము దొరికితే కేసవుతుంది.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ప్రతి జిల్లా అటవీ కార్యాలయం ముందూ, పశువుల ఆసుపత్రిలోనూ ఫోటోలతో ఒక తెలుగు బోర్డు పెట్టించండి. పరివేష్ ఫారం నింపడానికి జిల్లాకొక ఉద్యోగి సాయం ఇప్పించండి, అది మాలాంటివాళ్లకు కొరకరాని కొయ్య. బస్సు పార్సిల్ ఆఫీసులవాళ్లకు ఒక్కసారైనా చెప్పించండి, ప్రాణమున్నది 'మొక్కలు' పేరుతో ఎక్కకుండా.

అన్నిటికంటే ముఖ్యం, గడువు దాటినా తమంతట తాము వచ్చి చెప్పేవాళ్లను స్మగ్లర్ల గాటన కట్టొద్దని కేంద్రానికి రాయండి. కేసు భయం పట్టుకుంటే ఆ పాముల్ని ఏ అర్ధరాత్రో చెరువు కట్ట దగ్గర వదిలేస్తారు. ఎండకు చస్తే ఒక పాపం, బతికి మన పురుగూ పుట్రా మధ్య చేరితే ఇంకో తలనొప్పి. చట్టం అడిగింది లెక్క చెప్పమని. జనానికి అర్థమైంది దాచేయమని.

మీ బోర్డు వచ్చేదాకా నాకు తెలిసినంత ఒక అట్ట మీద రాసి షాపులో వేలాడదీశాను. అందులో తప్పులుంటే మీ అధికారుల్ని పంపి దిద్దించండి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపు తెరిచే ఉంటుంది.

ఇట్లు,
ఒక పెట్ షాపు యజమాని,
అనంతపురం