రేవుల్లో ప్రాణాలకు పూచీ ఎవరిది?
కోనసీమ లంక రేవుల్లో పడవ ఎక్కేవారి ప్రాణాలకు పూచీ రేవును వేలంలో పాడుకున్న పాటదారుది మాత్రమే కాదు, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం ప్రభుత్వానిది కూడా. 2018 జులైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడిపిల్లలు చనిపోయినప్పుడు కొన్నాళ్లు హడావుడి జరిగింది. మొన్న మా రేవులో చూస్తే లైఫ్ జాకెట్లు మూటకట్టి పడవలో ఓ మూల పడేసి ఉన్నాయి, వాటి మీద కొబ్బరికాయల బస్తాలు, పక్కనే రెండు బైకులు, యూనిఫాంలో పిల్లలు. అడిగితే ‘అయిదు నిమిషాల దారే కదండీ’ అన్నాడు సరంగు. వరద ఎర్రనీరు వచ్చిన గోదారిలో అయిదు నిమిషాలు తక్కువేమీ కాదు. ఎక్స్‌గ్రేషియా ప్రకటించడంలో మనవాళ్లు ఎలాగూ ఆలస్యం చేయరు. ముందు, జాకెట్ తొడగనిదే పడవ కదలకూడదని పాట షరతుల్లోనే రాయాలి. పరిమితికి మించి ఎక్కిస్తే పాట రద్దు చేయాలి. వరద నెలల్లో బడి వేళలకు ప్రతి రేవులో ఒక ప్రభుత్వ ఉద్యోగిని నిలబెట్టాలి.
– ఒక పాఠకుడు, ముమ్మిడివరం