మామిడి పిందె క్లిప్పులు కాగితాన్ని పట్టుకోవడం లేదు

నెల్లూరు

అలంకార క్లిప్పుల తయారీ కంపెనీ
నాణ్యత విభాగం బాధ్యులకు

విషయం: బంగారు రంగు మామిడి పిందె తీగ క్లిప్పులు (40 మి.మీ.) శాంపిలుకు సరిపోలకపోవడం, వాటికి పట్టు లేకపోవడం – సరుకు వాపసు, డిజైను సవరణ గురించి.

అయ్యా,

మీకు పదివేల క్లిప్పులకు ఆర్డరు ఇచ్చాం. మొదటి విడతగా నాలుగువేలు అందాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి గానీ కాగితాన్ని పట్టి ఉంచడం లేదు. మిగతా ఆరువేలు దయచేసి పంపకండి. ఈ ఉత్తరం బిల్లుల సెక్షనులో ఆగిపోకుండా, తీగ వంచే డై (అచ్చు) ఎవరు తయారుచేస్తారో వారి చేతికి చేరేలా చూడండి. ఇందులో రాసినదంతా వారి పనికి సంబంధించినదే.

ఈ క్లిప్పు మోయాల్సిన బరువు పెద్దదేం కాదు. మూడు పొరల శుభలేఖ: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం బరువు లెక్క) అట్ట ఒకటి, 120 జీఎస్ఎం లోపలి కాగితాలు రెండు. మూడూ కలిపితే ముప్పాతిక మిల్లీమీటరు మందం. పట్టుదారం కట్టే చోట, పై అంచు మధ్యలో ఈ పిందె కూర్చోవాలి. శుభలేఖలు ఎక్కువగా చేత్తో పంచేవి కాబట్టి స్కూటరు డిక్కీలోనూ బస్సులో చేతిసంచిలోనూ కుదుపులు తప్పవు. పెద్దవాళ్ల చేతికిచ్చి బొట్టు పెట్టి పిలిచే సమయానికి లగ్నం రాసిన కాగితం జారి నేలమీద పడితే, పిలవడానికి వచ్చినవాళ్ల మనసు ఎంత చివుక్కుమంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట మీ దాకా రాదు, పత్రిక అచ్చేసిన మాకే వస్తుంది.

మేం చేసిన పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. శుభలేఖకు క్లిప్పు పెట్టి, క్లిప్పును మాత్రం రెండు వేళ్లతో పట్టుకుని, కాగితాలు కిందికి వేలాడేలా పదిసార్లు ఊపడం. ఆగస్టులో మీరు పంపిన శాంపిలు క్లిప్పులు ఇరవైలో ఒక్కటీ జారలేదు. ఇప్పుడొచ్చిన సరుకులో పెట్టెకు కొన్ని చొప్పున ఇరవై తీసి చూస్తే పదమూడు జారాయి. జారకుండా నిలిచిన ఏడింట్లోనూ నాలుగు పక్కకు తిరిగిపోయి, కాగితం వంకరగా వేలాడింది.

ఎందుకిలా అయిందో చూద్దామని రంగు గీకి స్క్రూ గేజుతో కొలిచాం. శాంపిలు తీగ 1.02 మి.మీ., అంటే 19 గేజి (గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది). సరుకులో తీగ 0.81 మి.మీ., అంటే 21 గేజి. ఈ క్లిప్పులో ఒకే తీగ ఒకదానిలో ఒకటిగా రెండు పిందెలై వంగి ఉంటుంది. శాంపిలులో లోపలి పిందె 25 మి.మీ. పొడవుంది, సరుకులో 14 మాత్రమే. బయటి పిందెకూ లోపలి పిందెకూ మధ్య పక్క ఖాళీ శాంపిలులో 2 మి.మీ., సరుకులో ఒక పక్క 5, ఇంకో పక్క 6. అలంకారానికి అతికిన పువ్వు బిళ్లలు ఊడదీసి వంద క్లిప్పులు తూచాం. శాంపిలు లెక్కన 96 గ్రాములు తూగాలి, 52 తూగాయి. రేటు మాత్రం శాంపిలుకు ఒప్పుకున్నదే.

గేజిలో రెండు అంకెలే తేడా కదా అని మీ సేల్సు ప్రతినిధి ఫోనులో అన్నారు. తీగ బిగువు మందంతో పాటు సమానంగా తగ్గదు, మందం నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. 0.81ని 1.02తో భాగించి, వచ్చినదాన్ని నాలుగుసార్లు రాసి ఒకదానితో ఒకటి హెచ్చవేసి చూడండి, 0.4 వస్తుంది. మిగతా కొలతలన్నీ ఒకేలా ఉన్నా, తీగ ఒక్కటి మారితేనే నూటికి అరవై పాళ్ల పట్టు పోయిందన్నమాట. సన్న తీగే తప్పని మేం అనం. సన్న తీగ ఎక్కువగా తెరిచినా సాగిపోకుండా వెనక్కి వస్తుంది, పల్చటి కాగితాలకు అదే నయం కూడా. కానీ దానికి తగ్గట్టు నాలుకలను, అంటే బయటి పిందెనూ లోపలి పిందెనూ, దగ్గరికి చేర్చాలి. మీరు దూరం చేశారు.

అసలు తప్పు ఈ పక్క ఖాళీలోనే ఉంది. తీగ మందం గురించి ఎవరైనా ఆలోచిస్తారు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాం.

తీగ క్లిప్పుకు రెండు నాలుకలుంటాయి. పెద్దది కాగితానికి ముందువైపు, చిన్నది వెనకవైపు. ఊరికే ఉన్నప్పుడు రెండూ ఒకే మట్టంలో పడుకుని ఉంటాయి. కాగితం దూరగానే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు జరగాలి. కాగితం వంగకుండా నిలిస్తే తీగ మందమూ కాగితం మందమూ కలిపినంత ఎడం ఏర్పడుతుంది. మన శుభలేఖకు అది సుమారు ఒకటిముప్పాతిక మిల్లీమీటరు. ఆ ఎడం వల్ల, రెండు నాలుకలనూ కలిపే మెడ వంపులో తీగ మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన తీగ మళ్లీ తన మట్టానికి రావాలని తోస్తుంది. మనం పట్టు అనేది ఆ తోపునే.

నాలుకల మధ్య 2 మి.మీ. ఖాళీయే ఉంటే అంత ఇరుకులో కాగితం వంగలేక నాలుకలను జరుపుతుంది. ఆరు మిల్లీమీటర్లుంటే కాగితమే అలలా వంగి ఆ సందులోంచి సాగిపోతుంది, నాలుకలు ఉన్నచోటే ఉంటాయి. కదలని తీగ దేన్ని నొక్కుతుంది? మీ సరుకులోంచి ఒక క్లిప్పును శుభలేఖకు పెట్టి, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. లోపలి పిందె చుట్టూ అట్టమీద చిన్న ఉబ్బు, దాని పక్కనే పల్లం కనిపిస్తాయి. తీగలోకి వెళ్లాల్సిన వంపు అట్టలోకి పోయింది. శాంపిలు క్లిప్పు పెట్టిన అట్ట చదునుగానే ఉంది.

ఇక పొడవు. లోపలి నాలుక 14 మి.మీ. దగ్గర ఆగిపోవడంతో అది కాగితాన్ని అంచు పక్కనే పట్టుకుంటోంది. పట్టే చోట్లన్నీ దగ్గర దగ్గరగా పడితే, మేకుకు తగిలించిన క్యాలెండరులా కాగితం అటూ ఇటూ తిరుగుతుంది. లోపలి నాలుక క్లిప్పు ఎత్తులో కనీసం అరవై పాళ్లుండాలి. 40 మి.మీ. పిందెకు అది 24.

ఆఫీసుల్లో వాడే మామూలు తీగ క్లిప్పును జెమ్ క్లిప్పు అంటారు. దాని మూడు వంపులు నూరేళ్లు దాటినా మారకపోవడానికి కారణం ఇదే. 1899లో అమెరికాలో విలియం మిడిల్‌బ్రూక్ తీగ వంచే యంత్రానికి పేటెంటు తీసుకున్నప్పుడు, ఆ పత్రంలోని బొమ్మలో ఉన్నది ఈనాటి క్లిప్పే. ఆ రోజుల్లోనే నార్వే దేశస్థుడు యోహాన్ వాలెర్ కూడా ఒక క్లిప్పుకు పేటెంటు పొందాడు. అందులో చివరి లోపలి వంపు లేదు. కాగితం దూర్చడమూ కష్టమే, పట్టూ తక్కువే. అది బజారుకు రాలేదు. బొమ్మ ఏదైనా గీయండి, పిందె కానివ్వండి, చిలక కానివ్వండి, ఆ బొమ్మలో జెమ్ క్లిప్పు లోపలి వంపు దాక్కుని ఉండాలి. మీ శాంపిలు గీసినవారికి ఈ సంగతి తెలుసు. లోపలి పిందె బయటి పిందెకు నీడలా వెంటే నడిచింది. సరుకు డై చేసినవారు దాన్ని అలంకారం అనుకుని కుదించారు.

పువ్వు బిళ్ల విషయంలోనూ ఒక మార్పు చేశారు. శాంపిలులో బిళ్ల వెనక చెవులను తీగ చుట్టూ నొక్కి బిగించారు. సరుకులో మంటపెట్టి బ్రేజింగు చేశారు (వేరే లోహం కరిగించి అతికించారు), అదీ పిందె మెడ వంపులో, తీగ మెలి తిరగాల్సిన చోటే. గట్టిగా లాగిన తీగకు, అంటే సన్నటి రంధ్రంలోంచి చల్లగానే లాగి గట్టిపరిచిన తీగకు, వంచినా వెనక్కి వచ్చే గుణం ఆ లాగడం వల్లే వస్తుంది. ఎర్రగా కాలితే ఆ గుణం పోయి, సెంట్రింగు పనిలో కమ్మీలు కట్టే బైండింగు వైరులా మెత్తబడుతుంది. బిళ్ల పక్కన బంగారు రంగు గీకితే కింద నీలం, దాని పక్కనే నలుపు కనిపిస్తున్నాయి. వేడి ఎంత దూరం పాకిందో ఆ రంగులే చెబుతాయి. ఒక క్లిప్పులో 70 జీఎస్ఎం కాగితాలు పది పెట్టి, రాత్రంతా ఉంచి తీశాం. మెడ దగ్గర వంగినది వంగినట్టే ఉండిపోయింది, నాలుకల మధ్య ఎడం కంటికే కనిపిస్తోంది. ఆ తరువాత అది రెండు కాగితాలను కూడా పట్టలేదు. ప్యాకెట్టు మీద మాత్రం ఇరవై కాగితాల దాకా అని అచ్చేశారు. ఇరవై కాగితాలంటే 2 మి.మీ. ఈ పిందెకు అది సరిపడే మాట కాదు. పది అని వేయండి.

తీగ కొనలు కత్తిరించినవి కత్తిరించినట్టే వదిలేశారు. లోపలి నాలుక కొన సరిగ్గా అట్ట వైపు తిరిగి ఉంది. క్లిప్పు తీసేటప్పుడు లామినేషన్ మీద తెల్లటి గీత పడుతోంది, లోపలి పల్చటి కాగితమైతే చినుగుతోంది. కొనలను డ్రమ్ములో దొర్లించి మొద్దుబార్చాలి. లోపలి నాలుక ముక్కును పది, పదిహేను డిగ్రీలు పైకి లేపితే కాగితం దానంతటదే దూరుతుంది, వేలి గోరుతో విడదీసే పని ఉండదు.

తుప్పు గురించి కూడా చెప్పాలి. మాకు మైపాడు సముద్రం పాతిక కిలోమీటర్ల దూరం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. దానికి తోడు శుభలేఖకు నాలుగు మూలలా తడి పసుపు పెడతారు, ఆ వేళ్లతోనే క్లిప్పునూ పట్టుకుంటారు. మీ బంగారు రంగు నేరుగా ఇనుము మీదే వేసినట్టుంది. నాలుకలు కాగితానికి రాసుకునే చోట రంగు లేచి, తడి పసుపు తగిలిన మరునాటికి గోధుమరంగు గీత అట్టమీదికి దిగుతోంది. శుభలేఖ మీద తుప్పు మరకను ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. ముందు నికెలు పూత వేసి, దానిమీద బంగారు లక్క వేయండి.

ఇత్తడి తీగతో చేసిస్తామని మీ ప్రతినిధి అన్నారు. చేయొచ్చు, కానీ ఇదే గేజిలో వద్దు. ఇత్తడి బిగువు ఉక్కులో సగమే. 19 గేజి ఉక్కు ఇచ్చే పట్టు కావాలంటే గట్టిగా లాగిన ఇత్తడి 18 గేజి, అంటే 1.22 మి.మీ. ఉండాలి. అల్యూమినియం అసలు వద్దు, దాని బిగువు ఉక్కులో మూడోవంతే. ఉక్కు తీగనే 18 గేజిలో చేస్తే మంచిదేమో అనుకుంటారు, అదీ వద్దు. అట్టమీద గాట్లు పడతాయి, పిందె ముక్కు దగ్గరి చిన్న వంపులో పూత పగులుతుంది. ఆ ముక్కు వంపు లోపలి వ్యాసార్ధం తీగ మందం కంటే తగ్గకూడదు.

కాబట్టి మాకు కావలసిన క్లిప్పు ఇది: గట్టిగా లాగిన ఉక్కు తీగ 1.0 మి.మీ., తేడా 0.03కు మించకుండా, పిందె ఎత్తు 40, బొజ్జ దగ్గర వెడల్పు 24, లోపలి నాలుక 24 నుంచి 26 మి.మీ.; పక్క ఖాళీ రెండు వైపులా 2 మి.మీ.; బిళ్ల నొక్కి బిగించాలి, మంట తగలకూడదు. తీగ చుట్ట వచ్చినప్పుడు పది సెంటీమీటర్ల తిన్నని ముక్క కోసి, ఒక చివర బిగించి, రెండో చివరను 2 సెం.మీ. పక్కకు నెట్టి వదలండి. దాదాపు మొదటి చోటికే రావాలి. అలా రాకపోతే ఆ చుట్టను క్లిప్పులకు వాడకండి.

నాలుగువేల క్లిప్పులూ మీ ఖర్చుతో వెనక్కి తీసుకోవాలి. పై కొలతలతో యాభై కొత్త శాంపిళ్లు పంపాలి. వాటిని ఊపుడు పరీక్ష చేసి, మేం రాతపూర్వకంగా సరే అన్నాకే మిగతావి తయారుచేయాలి. అది మీకు కుదరకపోతే చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వండి. శాంపిలు చూపి అమ్మిన సరుకు నాణ్యతలో ఆ శాంపిలుకు సరిపోలాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 17వ సెక్షను చెబుతోంది. మేం అడుగుతున్నదీ అదే. మీ డిజైను మాకు నచ్చింది కాబట్టే ఇంత రాస్తున్నాం. ఆ శాంపిలు పిందె లాంటి క్లిప్పు మాకు ఇంకెక్కడా దొరకలేదు.

దీంతో పాటు ఒక పొట్లం పంపుతున్నాం. ఎర్ర దారం కట్టినవి ఆగస్టు శాంపిలు క్లిప్పులు అయిదు, తెల్ల దారం కట్టినవి సరుకులోవి అయిదు, బిళ్ల పక్కన రంగు గీకినవి రెండు, ఉబ్బు పడిన అట్ట ఒకటి. మాఘమాసం ముహూర్తాల పత్రికల పని మొదలవుతోంది. అందిన పది రోజుల్లోగా జవాబు రాయగలరు.

ఇట్లు,
శుభలేఖల తయారీ, స్టేషనరీ దుకాణం వారు
ట్రంకు రోడ్డు, నెల్లూరు