ఆ పాలరాతి బొమ్మకి కళ్లుండేవి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం పేజీలో గ్రీసు దేశపు సైక్లడిక్ బొమ్మ (సైక్లడీస్ అనే దీవుల్లో పురాతన కాలంలో చేసిన పాలరాతి బొమ్మ) ఫోటో వేశారు. చేతులు కట్టుకున్న ఆడమనిషి, మొహంలో ముక్కు తప్ప ఇంకేం లేదు, తెల్లగా మెరిసిపోతోంది. కింద ‘ఐదువేల ఏళ్ల నాటి మోడరన్ ఆర్ట్, కళ్లు లేని అమ్మతల్లి’ అని రాశారు. ఫోటో చూసి ఎంత సంతోషమేసిందో, ఆ లైను చదివాక అంత బాధేసింది, అందుకే ఈ ఉత్తరం.

ముందు కళ్ల సంగతి చెప్తా. ఆ బొమ్మలకి కళ్లుండేవండీ, కాకపోతే చెక్కలేదు, రంగుతో వేశారు. ఏథెన్స్‌లోని నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియంలో అమోర్గోస్ దీవి నుంచి వచ్చిన పెద్ద తల ఒకటుంది, నేను దాని ముందు చాలాసేపు నిలబడిపోయా. దూరం నుంచి చూస్తే ఉత్త రాయే, దగ్గరికెళ్లి చూస్తే చెంపల మీద నిలువుగా ఎర్ర గీతలు, వెలిసిపోయాయి గానీ ఇంకా ఉన్నాయి. ఎరుపుకి ఇంగిలీకం అనే ఎర్ర ఖనిజం వాడారు, నీలానికి అజురైట్ అనే రాతిపొడి. కొన్ని బొమ్మల మీద రంగు మొత్తం పోయినా, అది ఉన్నంత మేర రాయి అరక్కుండా నున్నగా కాస్త ఉబ్బెత్తుగా మిగిలిపోయింది, లైటు పక్కనుంచి పడితే బాదం గింజ ఆకారంలో కన్ను తేలుతుంది! అది ఒకసారి చూసినవాళ్లు మళ్లీ ‘కళ్లు లేని’ అనే మాట అనలేరు. ఆ తెలుపు, ఆ ఖాళీ మొహం చూసే కదా హెన్రీ మూర్ లాంటి ఆధునిక శిల్పులు వీటిని అంత ఇష్టపడింది, వాళ్ల ఇష్టాన్ని నేను తప్పు పట్టట్లేదు, కానీ చేసినవాళ్లు చేసిన బొమ్మ అది కాదు.

నిలబడ్డట్టు వేశారు, అదీ సరికాదు. పాదాల వేళ్లు కిందికి వాలి ఉంటాయి, మోకాళ్లు కొంచెం వంగి ఉంటాయి, వదిలేస్తే పడిపోతుంది. మ్యూజియంలో స్టాండు పెట్టి నిలబెడతారంతే. ఇక చేతులు, దాదాపు అన్నిట్లో ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద, కొన్ని వందల ఏళ్ల పాటు వేర్వేరు దీవుల వాళ్లు అదే పద్ధతి పాటించారంటే దానికేదో గట్టి అర్థం ఉండే ఉంటుంది. ఇనుము లేని రోజులు. మనం ఎమరీ పేపర్ అంటామే, ఆ ఎమరీ రాయి నాక్సోస్ దీవిలో దొరుకుతుంది, దాంతోనే పాలరాయిని రుద్ది రుద్ది ఆకారం తెచ్చారు. మిలోస్ దీవి అబ్సిడియన్ అంటే గాజులాంటి రాయి, దాని పలుచని అంచుతో గీతలు గీసుకునేవాళ్లు. క్రీ.పూ. 3200 నుంచి 2000 దాకా నడిచిన సంస్కృతి ఇది, రాత లేదు, కాబట్టి ‘అమ్మతల్లి’ అనేది మనం పెట్టిన పేరు.

అసలు బాధ ఇప్పుడు చెప్తా. మీ ఫోటో కింద ఆ బొమ్మ ఏ దీవిలో ఏ సమాధిలో దొరికిందో లేదు. అది మీ ఒక్కరి తప్పు కాదు, తెలిసిన బొమ్మల్లో దాదాపు 90 శాతానికి దొరికిన చోటు రికార్డు లేదు, 1993లో గిల్, చిప్పిండేల్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క తీసి మరీ చెప్పారు. మార్కెట్లో గిరాకీ పెరిగింది, దొంగ తవ్వకాలు పెరిగాయి, బొమ్మ పట్టుకుపోవడానికి సమాధులకి సమాధులే తవ్వి పారేశారు, పక్కన ఏ కుండ ఉంది, ఎముకలు ఎవరివి, ఏదీ మిగల్లేదు. 2010లో న్యూయార్క్ వేలంలో ఒక బొమ్మ కోటీ 68 లక్షల డాలర్లు పలికింది. అంత డబ్బుంటే నకిలీలు రాకుండా ఉంటాయా, దొరికిన చోటే తెలియకపోతే అసలుదో నకిలీదో తేల్చడం ఎంత కష్టం!

సరిగ్గా తవ్వితే ఏం తెలుస్తుందో చెప్పడానికి కేరోస్ దీవి చాలు. వీణలాంటి హార్ప్ వాయించే మనిషి బొమ్మ దొరికిన దీవి అదే. 1950లు, 60ల్లో అక్కడ దొంగలు పడి ఎన్నో విరిగిన బొమ్మల ముక్కలు విదేశాలకి చేర్చారు. 2006 నుంచి 2008 దాకా కాలిన్ రెన్‌ఫ్రూ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం దొంగలు ముట్టని చోట తవ్వితే వందల ముక్కలు బయటపడ్డాయి, ఒకదానికొకటి అతకవు, విరగ్గొట్టినప్పుడు రాలే పెచ్చులు కూడా అక్కడ లేవు. అంటే ఎక్కడో విరిచి, వాటిలో కొన్ని ముక్కల్ని పడవల్లో ఇక్కడికి తెచ్చి జాగ్రత్తగా పాతిపెట్టారన్నమాట. అవే ముక్కలు ఎవరి షోకేసులోనో ఉంటే ఈ సంగతి ఒక్కటీ బయటికొచ్చేది కాదు. నాకైతే ఇది ఆ హార్ప్ బొమ్మ కన్నా అద్భుతం అనిపిస్తుంది.

కాబట్టి నా మనవి ఇదీ. ఈసారి ఇలాంటి బొమ్మ వేసినప్పుడు ఏ మ్యూజియంలో ఉంది, ఏ దీవిలో దొరికింది అని ఒక్క లైను వేయండి, రికార్డు లేకపోతే ‘దొరికిన చోటు తెలియదు’ అనే రాయండి, అదీ వార్తే. వీలైతే ఆ అమోర్గోస్ తల ఫోటో కూడా ఒకటి వేయండి, చెంపల మీద ఎరుపు కనిపించేంత పెద్దగా.

ఇట్లు,
మీ పాఠకురాలు