ముందు బుట్ట లెక్క, ఆ తర్వాతే విత్తనం

ఒరేయ్,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం క్షేమం, చెల్లెలి ఉద్యోగం ఖాయమైంది, మిగతా కబుర్లు ఇంకోసారి. నువ్వు రాసిన ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను: "ముందు పండిస్తా, అమ్మకం సంగతి తర్వాత చూద్దాం." వద్దురా!

చిన్న సేంద్రియ పొలానికి ఎరువు, విత్తనం, కలుపు కూలీ అన్నీ మొదట్లోనే పెట్టాలి. డబ్బు చూసేది కోత తర్వాత. ఈ మధ్యలో అప్పు దూరుతుంది. పైగా పంటంతా ఒక్కసారే చేతికొస్తే అడిగినంతకి ఇచ్చేయడం తప్ప దారి లేదు. దీనికి నాకు తెలిసిన మంచి విరుగుడు ముందస్తు చందా. దగ్గర్లోని కుటుంబాలు సీజను ముందే డబ్బు కడతాయి, వారం వారం బుట్ట తీసుకెళ్తాయి. జపాన్‌లో 1970ల నుంచే తెయికెయ్ పేరుతో రైతులూ గృహిణులూ ఇలా నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లో ఒక పొలం, న్యూ హాంప్‌షైర్‌లో ఒక పొలం మొదలుపెట్టాయి. సరే, చరిత్ర చాలు, కాగితం తీసుకో.

యాభై కుటుంబాలనుకో. బుట్టకి పది చిన్న ఎర్ర ముల్లంగుల కట్ట. అంటే వారానికి 500. మొలవనివి, పగిలినవి, పురుగు కొట్టినవి పోతాయి కాబట్టి మూడోవంతు కలుపు, దాదాపు 660 గింజలు. గింజకీ గింజకీ 5 సెంటీమీటర్ల ఎడం పెడితే 33 మీటర్ల సాలు. మడికి నాలుగు సాళ్ళయితే మడి పొడవు ఎనిమిది మీటర్ల చిల్లర. ఒక వారానికి అంతేరా, అంతే! నువ్వేమో మడంతా ఒకే రోజు చల్లేద్దామంటున్నావు. కోత పది రోజులు ఆలస్యమైతే సగం ముల్లంగి బెండు పడుతుంది.

ఈ రకం నాలుగు వారాల్లో వస్తుంది, కాబట్టి బుట్ట తేదీ నుంచి నాలుగు వారాలు వెనక్కి లెక్కెయ్. బీన్స్‌కి ఎనిమిది వారాల దాకా పడుతుంది గానీ ఒకసారి వేస్తే రెండు మూడు వారాలు కోయొచ్చు, అందుకని ప్రతి వారం విత్తక్కర్లేదు. అందరూ దెబ్బతినేది పొద్దు దగ్గర. పగలు కురచయ్యే కాలంలో వారం తేడాతో విత్తినవి ఒక్కోసారి రెండు వారాల తేడాతో కోతకొస్తాయి, బుట్టలో ఖాళీ పడుతుంది. అప్పుడు మూడు నాలుగు రోజులకోసారి విత్తు. పగలు పెరిగేటప్పుడు విత్తే రోజుల మధ్య ఎడం పెంచు. చలి దేశాల్లో పగటి వెలుతురు పది గంటల లోపుకి పడితే ఆకుకూరలు దాదాపు కదలవు, అక్కడ ఆ వారాలకి దుంపలు నిల్వ పెట్టుకోవాల్సిందే.

కోత తెల్లారకముందే. ఆకులు వెంటనే నీడకి చేర్చి, చల్లటి నీళ్ళలో ముంచి, నీరు బాగా ఓడ్చాకే బుట్టలో పెట్టు. తడితో మూత పెడితే మర్నాటికి కుళ్ళు. పండిన టమాటా పక్కన ఆకుకూర అస్సలు వద్దు, దాన్నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి ఆకు పసుపు రంగుకి తిరిగిపోతుంది. ప్రేమకొద్దీ బుట్ట పొంగేలా నింపకు. తినలేక పారేసిన ఇల్లు మరుసటి సీజనుకి చందా కట్టదు. నువ్వు నింపుతావు, నాకు తెలుసు, ఆ సొరకాయల ఏడాది మర్చిపోయావా?

చందా డబ్బుని వారాలతో భాగించు. విత్తనం, ఎరువు కోసం ముందుగా వాడింది రాసిపెట్టు, మిగతాది ఏ వారం బుట్ట ఇచ్చాక ఆ వారం తీసుకో. వడగళ్ళు పడి పంట పోతే నష్టం అందరిదీ అని కట్టించుకునే ముందే కాగితం మీద చెప్పు. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

పొలం వదిలేద్దామనుకుంటున్నానని చివర్లో చిన్నగా రాశావే, అది చదివాక చాలాసేపు ఏమీ తోచలేదు. ఏటా ఎరువు పోసి పెంచుకున్న నేలరా అది, ఇప్పుడు వదిలేస్తే... సరే, దాని గురించి ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడదాం. మొదటి ఏడాది యాభై కూడా వద్దు, పదిహేను కుటుంబాలతో మొదలుపెట్టు. పై లెక్కలన్నీ దాదాపు మూడోవంతుకి దించి చూడు. పొరుగు రైతులు ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని హామీ ఇచ్చే పద్ధతి గురించి కూడా రాద్దామనుకున్నాను, దానికి కనీసం... అయ్యో, ఉత్తరం తీసుకెళ్ళే మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. ముల్లంగి లెక్క వేసి పంపు.

నీ
నేనే