వెనక వరుస ప్రశ్నలకూ చోటివ్వండి

సంపాదకుల వారికి,

అసెంబ్లీ సమావేశాలంటే టీవీల్లో కనిపించేది పోడియం దగ్గర గొడవ, ఆపై వాకౌట్. వెనక వరుస ఎమ్మెల్యే ఎవరో లేచి, మా పీహెచ్‌సీలో రాత్రిపూట డాక్టరు ఎందుకు ఉండడం లేదని అడిగితే అది వార్త కాదు. నన్నడిగితే ఆ ప్రశ్నోత్తరాల సమయమే సభకు ప్రాణం.

ప్రతి పోలీస్ స్టేషన్‌లో, లాకప్‌తో సహా, సీసీ కెమెరాలు పెట్టాలనీ, రికార్డింగును 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలనీ సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. మన నియోజకవర్గంలో ఎన్ని పెట్టారు, వాటిలో పనిచేసేవెన్ని? స్టేషన్‌కెళ్లి ఈ మాట అడిగే ధైర్యం మామూలు మనిషికెక్కడిది! అదే ఎమ్మెల్యే నక్షత్ర గుర్తు ప్రశ్నగా వేస్తే మంత్రి సభలో లేచి జవాబివ్వాలి. "పరిశీలనలో ఉంది" అని దాటేస్తే అనుబంధ ప్రశ్నతో నిలదీయొచ్చు. కోర్టుల్లో ఖాళీలు, ఆస్పత్రుల్లో మందుల కొరత, కూలిన కల్వర్టు, ఏదైనా ఇంతే. గొడవతో సభ వాయిదా పడిందా, ఆ నిలదీసే వీలు పోయినట్టే.

సమావేశాలు జరిగినన్నాళ్లూ జిల్లా పేజీలో ఒక కాలమ్ కేటాయించండి: మన ఎమ్మెల్యేలు ఏమడిగారు, మంత్రులేం చెప్పారు. ఏమీ అడగని వారి పేర్లు కూడా వేయండి.

– ఒక పాఠకుడు, నర్సీపట్నం