బాలింత గుండె జబ్బు వైద్య సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

గ్రామ పెద్దలకు, ఆడపడుచులకు, ఊరు విడిచి దూరాన కష్టపడుతున్న మన పిల్లలకు కమిటీ తరఫున నమస్కారాలు.

సంక్రాంతికి చదువుతామన్న లెక్క శ్రావణ మాసంలో చదువుతున్నాం. ఆలస్యం మాదే, ఒప్పుకుంటున్నాం. "మూడు లక్షల పైన పోగేశారు, వైద్యం ఆరోగ్యశ్రీలో అయిపోయింది, మరి డబ్బులేవి?" అన్న మాట రామాలయం అరుగు మీద, వాట్సాప్ గ్రూపులో చాలా రోజులుగా నడుస్తోంది. డబ్బులిచ్చినవాళ్ళకి అడిగే హక్కుంది. అందుకే పైసా పైసా రాశాం. పురుడయ్యాక గుండె జబ్బు చేసిన మన ఊరి అమ్మాయి వైద్యానికి పోగేసిన నిధి ఇది. ఆ అమ్మాయి పేరు అందరికీ తెలిసిందే అయినా కాగితం మీద పెట్టలేదు. జబ్బు సంగతి మాత్రం ఆమెకు చదివి వినిపించి, ఆమె సరే అన్నాకే రాశాం.

జమ:

ఊళ్ళో 214 గడపల వసూలు – రూ. 1,07,350
కువైట్, దోహా, మస్కట్‌లో ఉన్న మన పిల్లలు – రూ. 96,400
హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగస్తులు – రూ. 61,500
డ్వాక్రా సంఘాలు 18, సంఘానికి వెయ్యి చొప్పున – రూ. 18,000
హైస్కూలు పిల్లల హుండీ – రూ. 4,215
నిరుటి వినాయక చవితి పందిరి మిగులు – రూ. 22,000
బ్యాంకు వడ్డీ – రూ. 1,135
మొత్తం జమ – రూ. 3,10,600

చవితి మిగులు మళ్ళించడం ఇద్దరు పెద్దలకు నచ్చలేదు. పందిరి పుస్తకంలో సంతకాలు పెట్టిన తొమ్మిది మందిలో ఏడుగురు ఒప్పుకున్నాకే తీశాం. మొదటి పదకొండు రోజులు డబ్బులు మా సభ్యుడొకరి ఫోన్‌పే నంబరుకు వచ్చిన మాట కూడా నిజమే. అమ్మాయిని ఆసుపత్రికి తీసుకుపోయిన రాత్రికి కమిటీకి ఖాతా లేదు. ముగ్గురి పేరున ఉమ్మడి ఖాతా తెరిచిన రోజే ఆ మొత్తం అందులోకి మార్చాం. ఆ పదకొండు రోజుల స్టేట్‌మెంటు పుస్తకానికి అంటించి ఉంది.

అందరి పేర్లూ చదవలేం గానీ ఒక్కరిని తలచుకోకుండా ఉండలేం. నాలుగు వేల పింఛను తీసుకుని సచివాలయం మెట్లు దిగుతూ, అక్కడికక్కడే ఐదొందలు మా చేతిలో పెట్టిన మామ్మగారికి దండం పెడుతున్నాం.

ఇక ఖర్చు.

1. పట్నంలో మొదటి ఆసుపత్రి బిల్లు – రూ. 68,400

అందరూ వేలు చూపిస్తున్న మొదటి పద్దు ఇది. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పకుండా ఈ అంకె అర్థం కాదు. పురుడొచ్చిన పందొమ్మిదో రోజు. అంతకు వారం ముందు నుంచే కాళ్ళు వాచాయి, రాత్రిళ్ళు పొడిదగ్గు. "నీరు పట్టింది, బాలింతలకి మామూలే" అన్నారు ఇంట్లో. మనమైనా అదే అనేవాళ్ళం. దగ్గు మందు తాగించారు. నీరసంగా ఉందని ఊళ్ళో ఒకాయన సెలైను ఎక్కించారు. గుండె నీటిని తోడలేక అవస్థ పడుతుంటే పైనుంచి ఇంకో సీసా నీరు పోసినట్టయింది. ఆ రాత్రి వెల్లకిలా పడుకోలేక, గోడకి మూడు దిళ్ళు చేర్చి కూర్చుని, ఎగ ఊపిరి తీసింది. వేలికి తగిలించి ఒంట్లో ఆక్సిజను చూసే కోవిడ్‌నాటి వేలి మిషను ఎవరింట్లోనో ఉంటే తెచ్చి పెట్టారు. ఆక్సిజను 82 చూపించింది.

కాకినాడ తీసుకుపోతే పథకంలో అయిపోయేది కదా అంటున్నారు. అమలాపురం దాటి, యానాం వంతెన మీదుగా కాకినాడ చేరడానికి రెండు గంటలు. 82తో అంత దూరం పంపలేం, ముందు ఊపిరి నిలబెట్టాలి అని పట్నం డాక్టరు చెప్పారు. రెండు రాత్రులు, ఒక పగలు అక్కడే ఉంచారు. మాస్కుతో ఒత్తిడి పెట్టి ఆక్సిజను, నీరు తీసే ఇంజక్షన్లు. అక్కడే ఎకో (గుండె స్కానింగు) తీసి ఇది ఊపిరితిత్తుల జబ్బు కాదు, గుండెదని తేల్చారు. ఈ జబ్బుకి ఆ ఆసుపత్రిలో పథకం వర్తించదని బిల్లు చేతికొచ్చాక చెప్పారు. 74,000 వేస్తే బతిమాలి 68,400కి దింపాం. అప్పటికప్పుడు ఆసుపత్రిలో పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్రతో గానీ, 104కి ఫోను చేసి గానీ అడిగి ఉండాల్సింది. మాకెవరికీ తోచలేదు. అది మా తప్పే. కానీ ఆ రెండు రాత్రులకు పెట్టిన డబ్బు మాత్రం దండగ కాదు. ఆమె బతికి ఉండడానికి అదే కారణం.

2. ఆక్సిజను అంబులెన్సు, కాకినాడకి – రూ. 7,500

3. కాకినాడలో బయట చేయించిన రక్తపరీక్షలు, బయట కొన్న మందులు – రూ. 19,860

గది, వైద్యం అంతా ఎన్టీఆర్ వైద్య సేవలోనే (మనకి ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే) జరిగింది. డాక్టర్లకు, నర్సమ్మలకు కృతజ్ఞతలు.

4. తోడున్నవాళ్ళ భోజనాలు, గది, 13 రోజులు – రూ. 11,700

5. పసిబిడ్డకు పాలపొడి, సీసాలు, ఎనిమిది నెలలకు – రూ. 21,340

"తల్లి ఉండగా డబ్బా పాలేమిటి, అందం పాడవుతుందనా?" అని అన్నారట. ఈ మాట ఆ అమ్మాయి చెవిన పడింది. ఏడ్చింది. అందుకే ఇది కాస్త పెద్దగా రాస్తున్నాం.

ఈ జబ్బును పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటారు. అంతకుముందు ఏ గుండె జబ్బూ లేని ఆడమనిషికి నెలలు నిండేటప్పుడో, పురుడయ్యాక ఐదు నెలల లోపో గుండె కండ బలహీనపడిపోతుంది. మంచి గుండె తనలో నిండిన రక్తంలో నూటికి 55 పాళ్ళకు పైగా ఒక్కసారి కొట్టుకున్నప్పుడు బయటకి నెడుతుంది. ఈమెది ఆ రోజు 25. కవలలు ఉన్నవాళ్ళకి, నెలలు నిండాక బీపీ పెరిగినవాళ్ళకి, వయసు మళ్ళి కన్నవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. ఈమెకు చివరి నెలలో బీపీ పెరిగింది.

పాలు పడడానికి ఒంట్లో ఊరే ప్రొలాక్టిన్ అనే పదార్థం కొందరిలో విరిగి, దాని ముక్క గుండెలోని సన్నని నాళాలను దెబ్బతీస్తుందని జర్మనీలోని హానోవర్ పరిశోధకులు 2007లో చెప్పారు. అప్పటినుంచి బ్రోమోక్రిప్టిన్ అనే మాత్ర కొందరు తల్లులకు ఇస్తున్నారు. అది పాలను ఆపేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా దానికి తోడు ఇంకో మందు కూడా ఇవ్వాలి. అందరికీ వాడరు, డాక్టరుగారు ఆలోచించి ఈమెకు రాశారు. పాలు పొంగి జాకెట్టు తడుస్తుంటే, బిడ్డ ఏడుస్తుంటే, ఆ మాత్ర చేతిలో పెట్టుకుని ఆమె ఎంతసేపు కూర్చుందో ఆ రాత్రి తోడున్న మా సభ్యురాలు చూసింది. బిడ్డకు తల్లి మిగలాలని వేసుకుంది. ఆ బిడ్డ ఆకలి తీర్చడం వైద్య ఖర్చు కాదంటే మేము ఒప్పుకోం.

పుట్టిన వేళ మంచిది కాదు, తల్లి గుండె మీదకి వచ్చింది అని ఆ పసిదాన్ని అంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. దయచేసి ఆ మాట మానండి.

6. మాత్రలు, ఎనిమిది నెలలు, నెలకు 1,650 చొప్పున – రూ. 13,200
7. మళ్ళీ మళ్ళీ తీసిన ఎకోలు మూడు – రూ. 5,400
8. చూపించుకోవడానికి కారు, ఐదు సార్లు – రూ. 16,000

మొదట 25 ఉన్న గుండె పంపింగు మూడో నెలలో 38కి వచ్చింది. మొన్న తీసినప్పుడు 50. బస్సులో వెళ్ళొచ్చు కదా అన్నవారికి ఒక్కటే జవాబు: మొదట్లో ఆమె బస్టాండు దాకా నడవలేకపోయింది. ఐదో సారి తర్వాత బస్సులోనే వెళ్తోంది. మీరంతా ప్రేమతో సొర పిట్టుకని పట్టుకొచ్చిన ఎండుచేప, ఆవకాయ ఆమె ముట్టుకోలేదు. ఉప్పు తగ్గించమన్నారు. ఏమీ అనుకోవద్దు.

9. ఊళ్ళో, పక్క ఊళ్ళలో గర్భిణులకు, బాలింతలకు ఈ జబ్బు గురించి చెప్పడానికి – రూ. 52,650

అసలు గొడవ దీని మీదే. "మేము ఇచ్చింది ఒక మనిషి వైద్యానికి, ఊరందరికీ మిషన్లు కొనడానికి కాదు" అని. బిడ్డ పేరున లక్ష వేస్తామని డిసెంబరు మీటింగులో మేమే అన్నాం. అందులో కొంత ఇటు వెళ్ళింది. అది దాచడం లేదు.

ఈ ఖర్చు పెట్టమన్నది ఆ అమ్మాయే. ఫిబ్రవరిలో మేము లెక్క పట్టుకుని వాళ్ళింటికి వెళ్తే, డబ్బు సంగతి పక్కన పెట్టి, "నాలాగా ఎందరు నీరు పట్టిందనుకుని పడుకుంటున్నారో బాబాయ్, వాళ్ళకెవరు చెబుతారు?" అని అడిగింది. మిగిలే సొమ్ములో సగం వాళ్ళకే పెట్టమంది. మేము సగం పెట్టలేదు, అంతకన్నా తక్కువే పెట్టాం. ఆ వారమే మార్చి మీటింగుకు టముకు వేయించాం. వచ్చినవాళ్ళు 31 మంది. ఇప్పుడు అభ్యంతరం చెబుతున్నవాళ్ళలో ఎక్కువమంది ఆ రోజు రాలేదు.

వేలి మిషన్లు 12 – రూ. 11,400. ఆశా కార్యకర్తల దగ్గర ఉన్నాయి, నంబర్లు వేసి సంతకాలు తీసుకున్నాం.
బీపీ మిషన్లు 6 – రూ. 11,400.
గోడ రాతలు 9 చోట్ల – రూ. 7,650. ఈ డబ్బు "అల్లుడికే ఇచ్చుకున్నారు" అన్నారు. ఆ అమ్మాయి భర్త పెయింటింగు పని చేస్తాడు, గోడలు రాసింది అతనే. కానీ ఇది రంగుల డబ్బాల ఖర్చు మాత్రమే, షాపు బిల్లులు ఉన్నాయి. ఆరు రోజులు పని పోగొట్టుకుని రాశాడు, కూలి ఇస్తామన్నా తీసుకోలేదు. గోడల మీద ఉన్నది మీరందరూ చదివారు: "పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నిదానం. బాలింతలూ, గుండె డాక్టరుకి చూపించుకోండి." ఈ మాట ఆమె చెప్పిందే.
కరపత్రాలు 3,000 – రూ. 4,500.
మైకు, కుర్చీలు, టీ – రూ. 3,300.
ఎకో పరీక్షలు ఎనిమిది మందికి – రూ. 14,400.

ఈ చివరి పద్దు గురించే ఇంకా చెప్పాలి. నెలలు నిండినవాళ్ళకి ఆయాసం మామూలే, చాలామందికి వస్తుంది. మామూలు ఆయాసమేదో, ప్రమాదపు ఆయాసమేదో విడదీయడమే కష్టం. ఇప్పుడు ఆశా అమ్మ ఇంటికొస్తే ఆ అమ్మాయి కూడా వెంట వెళ్తోంది, బిడ్డను చంకనేసుకుని. అడిగేది మూడే మాటలు. రాత్రి ఎన్ని దిళ్ళు వేసుకుంటున్నావమ్మా? దగ్గుతో లేచి కూర్చుంటున్నావా? కాళ్ళు నొక్కితే గుంట పడుతోందా? అవునన్నవాళ్ళకి వేలి మిషను, బీపీ. అనుమానం ఉన్నవాళ్ళను పీహెచ్‌సీ డాక్టరమ్మగారు చూసి, ఎనిమిది మందికి ఎకో రాశారు.

ఎనిమిదింటిలో ఒక్కరికీ ఈ జబ్బు లేదు. కాబట్టి 14,400 నీళ్ళపాలైందని ఒక పెద్దమనిషి గ్రూపులో రాశారు. ఆయన మంచే కోరతారు, కానీ ఈ మాట సరికాదు. జబ్బు లేదని తెలియడం కూడా పరీక్ష వల్లే. ఏడుగురి గుండెలు బాగున్నాయి, అందులో ముగ్గురికి రక్తం బాగా తక్కువని తేలి, ఐరన్ మొదలుపెట్టారు. ఎనిమిదో ఆమెకి గుండె కవాటం సన్నబడి ఉంది. చిన్నప్పటి కీళ్ళ జ్వరం వల్ల వచ్చినదట, ఆమెకు తెలియనే తెలియదు. ఏడో నెల అప్పటికి. కాకినాడ పెద్దాసుపత్రిలో గుండె డాక్టర్ల కింద ఉంచి పురుడు పోశారు, తల్లీ బిడ్డా జూలైలో క్షేమంగా ఇంటికొచ్చారు. ఆ ఇంటివాళ్ళు మన నిధికి ఐదు వేలు ఇవ్వబోతే, బాలింత ఖర్చులకు ఉంచుకోమని మేమే వద్దన్నాం. దీనిపై కూడా కమిటీలో ఇద్దరు విడిగా అభిప్రాయం రాశారు, పుస్తకంలో ఉంది.

10. జిరాక్సులు, పుస్తకం, ఫోన్లు – రూ. 640

మొత్తం ఖర్చు – రూ. 2,16,690
నిల్వ – రూ. 93,910

ఇందులో రూ. 75,000 బిడ్డ పేరున మన పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతాలో వేశాం. మామూలు డిపాజిట్ ఎందుకు కాదంటే, ఇందులోంచి మామూలుగా మధ్యలో ఎవరూ తీయలేరు, పిల్లకు పద్దెనిమిది నిండాక చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. పాసుపుస్తకం తల్లి దగ్గరే ఉంది. మిగిలిన రూ. 18,910 ఉమ్మడి ఖాతాలో ఉంది. గుండె 50కి వచ్చింది కదా అని మాత్రలు ఆపొద్దన్నారు డాక్టరుగారు. కొందరికి ఆరు నెలల్లో, ఏడాదిలో పూర్తిగా తేరుకుంటుంది, కొందరికి తేరుకోదు. ఈ సొమ్ము ఆ మాత్రలకు, వచ్చే ఎకోలకు. అయిపోయేదాకా వేరే దేనికీ ముట్టుకోం. ఇంకో కానుపు ఈమెకు ప్రాణాపాయమని డాక్టరు చెప్పారు. కొడుకు కోసం అని సలహాలు చెప్పడానికి ఆ ఇంటికి వెళ్ళేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

లక్షకు తక్కువపడిన రూ. 25,000 సంగతి. ఇస్తామని మాటిచ్చి ఇవ్వాల్సినవాళ్ళు 17 మంది, మొత్తం రూ. 41,000. "కొబ్బరి దింపు డబ్బులు రాగానే" అన్నారు చాలామంది. కొబ్బరి ధర పడిపోయిన నెలల్లో మేము అడగలేదు, అందరి కష్టం మాకూ తెలుసు. కానీ ఆ తర్వాత నాలుగు దింపులయ్యాయి. ఇద్దరు గల్ఫ్ నుంచి వచ్చి, ఇళ్ళకు రంగులు వేయించుకుని వెళ్ళారు. పేర్లు ఇక్కడ చదవం. చదవమని కొందరు పట్టుబట్టినా ఆ అమ్మాయే వద్దంది. ఇవ్వలేనివాళ్ళు ఇవ్వలేమని చెప్పినా చాలు, కొట్టివేసి ఊరుకుంటాం. వచ్చినదాంట్లో మొదటి 25,000 బిడ్డ ఖాతాకే వెళ్తుంది.

బిల్లులు, రసీదులు, బ్యాంకు పుస్తకం, మీటింగు సంతకాలు వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా రామాలయం దగ్గర బల్ల మీద ఉంటాయి. చవితి చందాలు మొదలుపెట్టకముందే వచ్చి చూడండి. మొదటి ఆసుపత్రి అసలు బిల్లు తడిసి చిరిగింది, నకలు తెప్పించడానికే రెండు నెలలు పట్టింది, అదీ ఉంటుంది. వేలి మిషన్లలో ఒకటి, నంబరు 7, పని చేయడం లేదు. వారంటీలో ఉంది, మార్పించి తెస్తాం.

కమిటీ తరఫున, లెక్కలు రాసినవారు